పుస్తకాల కట్ట కంటే ముందు మూడు గంటల తెలుగు: దూరవిద్య అధికారులకు దక్షిణ ఒడిశా నుంచి బహిరంగ లేఖ

దూరవిద్య నడుపుతున్న విశ్వవిద్యాలయాల, సార్వత్రిక పాఠశాలల అధికారులకు,
ఒడిశా రాష్ట్ర విద్యాశాఖల పెద్దలకు,

నమస్కారం.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలవారికి దూరవిద్య దరఖాస్తులు నింపిపెట్టేవాళ్ళం, ఆదివారాలు పాఠాలు చెప్పేవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇదే విషయం మీద ఇదివరకు విజ్ఞప్తులు పంపాం. అందినట్టు ముద్ర వేసిన కాగితాలు మా దగ్గర ఉన్నాయి. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ పెడుతున్నాం.

మేము అడుగుతున్నది ముఖ్యంగా ఒక్కటే. దూరవిద్యలో చేరే ప్రతి తెలుగు విద్యార్థికీ, పుస్తకాల కట్ట చేతికి రాకముందే, ఆ చదువు ఎలా సాగుతుందో మూడు గంటలపాటు తెలుగులో చెప్పే పరిచయ తరగతి పెట్టండి. మిగతా కోరికలన్నీ దీని కొమ్మలే.

ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. మా ఊళ్ళలో దూరవిద్య మధ్యలో మానేసినవారిని కదిపితే, పాఠం కొరుకుడు పడలేదనేవారు తక్కువ. అసైన్‌మెంటు (ఇంటి దగ్గర రాసి కేంద్రంలో ఇచ్చే జవాబులు) ఇవ్వాలని తెలియదు, పరీక్ష ఫీజు వేరే కట్టాలని తెలియదు, పేరు తప్పు పడింది, మీడియం మారిపోయింది అనేవారే ఎక్కువ. ఇవి చదువులో ఓటములు కావు. చెప్పేవాళ్ళు లేక జరిగిన నష్టాలు.

దూరవిద్య తెలుగువారికి కొత్త సంగతేమీ కాదు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టిన పదేళ్ళకు ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖపట్నంలో ఆ పని అందుకుంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదు కేంద్రంగా పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడ్డ ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి ఉపకులపతి. అంత చరిత్ర ఉన్న చదువు మహేంద్రతనయ ఏటికి ఇవతల, పర్లాకిమిడిలో, ఎవరూ విప్పి చెప్పని చిక్కుముడిగా మిగిలిపోయింది. ఆ చిక్కు ఎక్కడెక్కడ పడుతోందో వరుసగా రాస్తున్నాం.

1. గంటల లెక్క

దూరవిద్య అంటే ఇంట్లో కూర్చుని ఏడాది చివర పరీక్ష రాయడమే అని మావాళ్ళలో చాలామంది నమ్మకం. పాతకాలపు ప్రైవేటు పరీక్షల అలవాటు అది. ఫీజు కట్టించుకునే చోట ఆ నమ్మకాన్ని ఎవరూ సరిదిద్దరు.

దూరవిద్యలో చదువును క్రెడిట్లలో కొలుస్తారు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 4 క్రెడిట్ల పేపరుకు 120 గంటలు పడుతుంది. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే ఏడాదికి 40, అంటే 1200 గంటలు. వారానికి 23 గంటలు, రోజుకు మూడు గంటల పైచిలుకు. చదవడం, పాఠం మధ్యలో వచ్చే ప్రశ్నలకు జవాబులు రాసుకోవడం, అసైన్‌మెంటు, కాంటాక్ట్ క్లాసు (కేంద్రంలో ముఖాముఖి జరిగే తరగతి) అన్నీ ఆ గంటల్లోనే.

జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే అమ్మాయికి, బట్టల కొట్టులో రాత్రి తొమ్మిది దాకా నిలబడే కుర్రాడికి, సూరత్ మగ్గాల మీదికి వెళ్ళి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇంటి ముఖం చూసే గంజాం కార్మికుడికి ఈ లెక్క ముందే తెలియాలి. తెలిస్తే నిదానంగా చదువుకునే దారి ఉంది. జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ అయిన ఎన్.ఐ.ఓ.ఎస్.లో ఒకసారి చేరితే ప్రవేశం 5 ఏళ్ళు చెల్లుతుంది. ఆ అయిదేళ్ళలో పరీక్షకు 9 అవకాశాలు. ఏప్రిల్‌-మే విడతలో రెండు సబ్జెక్టులు, అక్టోబరు-నవంబరు విడతలో రెండు, ఆ పై విడతలో ఒకటి రాసి పది పాసు కావచ్చు. చెప్పేవాళ్ళు లేక మొదటి విడతలోనే అయిదింటికీ ఫీజు కట్టి, నాలుగు పోగొట్టుకుని, చదువు తమకు రాదనుకుని ఇంటికి చేరుతున్నారు.

బోర్డు పరీక్షలో పది తప్పిన పిల్లల విషయం ఇంకా బాధగా ఉంటుంది. గుర్తింపు ఉన్న బోర్డులో వాళ్ళు పాసైన సబ్జెక్టుల్లో 2 దాకా మార్కులను ఎన్.ఐ.ఓ.ఎస్.కు బదిలీ చేసుకోవచ్చు. అప్పుడు కొత్తగా రాయాల్సినవి మూడే. ఈ వెసులుబాటు కోరుతున్నట్టు దరఖాస్తులోనే చెప్పి, పాత మార్కుల జాబితా జత చేయాలి. ఈ గడి ఖాళీగా వదిలేసిన దరఖాస్తులు మా చేతికి ఎన్నో వస్తుంటాయి.

అలాగే, అక్కడ లెక్కలు తప్పనిసరి కాదని తెలియగానే అందరూ లెక్కలు వదిలేస్తారు. పదిలో లెక్కలు, సైన్సు లేకపోతే పాలిటెక్నిక్ వంటి చదువులకు దారి మూసుకుపోతుందని సబ్జెక్టులు ఎంచుకునే పూటే చెప్పాలి. రెండేళ్ళ తర్వాత చెప్పినా చేసేది లేదు.

2. నాలుగు పనులు, నాలుగు తేదీలు

బడిలో ఫీజు ఒకసారి కడితే మిగతావి బడే చూసుకుంటుంది. దూరవిద్యలో నాలుగు పనులు విడివిడిగా విద్యార్థే చేయాలి. మొదటిది ప్రవేశం. రెండోది మరుసటి ఏడాదికో సెమిస్టరుకో మళ్ళీ నమోదు కావడం. మూడోది అసైన్‌మెంటు. నాలుగోది పరీక్ష దరఖాస్తు, దాని ఫీజు. ఒకటి చేస్తే రెండోది దానంతట అది జరగదు.

ఎక్కువమంది జారిపడేది మూడో మెట్టు మీద. ఇగ్నో బీఏలో అసైన్‌మెంటుకు 30 శాతం, సెషన్ చివరి పరీక్షకు 70 శాతం మార్కులు. రెండింటిలో దేనికది పాసు కావాలి. పరీక్షలో 60 వచ్చినా అసైన్‌మెంటు ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తి కానట్టే. ఎన్.ఐ.ఓ.ఎస్.లోనూ ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంటుకు 20 శాతం వాటా ఉంది. దాన్ని వదిలేసి, 33 శాతం గీతకు నాలుగు మార్కుల దూరంలో ఆగిపోయేవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అసైన్‌మెంటులో జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. కిందటి ఏటి ప్రశ్నలకు జవాబు రాస్తారు. ప్రశ్నలు మారిపోతాయని, ఏ సెషనుకు ఆ ప్రశ్నలేనని తెలియదు. జెరాక్స్ షాపులో దొరికే గైడు చూసి పది మంది ఒకే జవాబు దించుతారు. దిద్దేవారికి అది ఇట్టే తెలిసిపోతుంది. చేతిరాతతో రాయమంటే టైపు చేయించి తెస్తారు. మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడు రాయరు. కేంద్రంలో ఇచ్చి రసీదు అడగరు. మార్కులు ఎక్కకపోతే ఇచ్చినట్టు చూపే కాగితం ఉండదు. ఇవి ఒక్క గంటలో నేర్పగల సంగతులు.

దిద్దిన అసైన్‌మెంటు తిరిగి విద్యార్థికి చేరడం కూడా అంతే ముఖ్యం. దూరవిద్యలో గురువు శిష్యుడితో నేరుగా మాట్లాడే చోటు ఆ కాగితం అంచే. "కారణం రాశావు, ఉదాహరణ ఇవ్వలేదు" అని అక్కడ ఒక్క ముక్క రాస్తే పరీక్షలో జవాబు మారుతుంది. మా జిల్లాల్లో ఆ కాగితం చాలామందికి తిరిగి అందడం లేదు. అందినా, పరీక్ష అయిపోయాక అందుతోంది.

3. పేరు

ఇది సరిహద్దు జిల్లాలకే ప్రత్యేకమైన కష్టం. పైస్థాయి కార్యాలయాల్లో దీని లోతు తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియావారికి వెనక వస్తుంది. పొట్నూరు అప్పారావు అనే పిల్లవాణ్ణి బడిలో చేర్చేటప్పుడు రిజిస్టరులో ఇంటిపేరు పోయి అప్పా పేరుగా, రావు ఇంటిపేరుగా పడుతుంది. ఆధార్‌లో అదే పిల్లవాడు పి. అప్పారావు. ఆంధ్రాలో పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చిన అమ్మాయికి అక్కడి పది సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఇక్కడి ఆధార్‌లో అత్తింటి పేరు. ఒడియా లిపి నుంచి ఇంగ్లీషులోకి దించేటప్పుడు అక్షరాలు మరోసారి మారతాయి.

ఒకప్పుడు ఇది గుమాస్తా సర్దుకోగలిగిన తేడా. ఇప్పుడు కంప్యూటరు సర్దుకోదు. 2024-25 నుంచి విశ్వవిద్యాలయాల్లో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాలంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దూరవిద్యా విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య, డెబ్ ఐడీ, ఉండాలి. దానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) సంఖ్య కావాలి. ఆ సంఖ్యకు డిజిలాకర్, డిజిలాకర్‌కు ఆధార్. ఈ గొలుసులో ఎక్కడ పేరు, పుట్టిన తేదీ కలవకపోయినా పని అక్కడే ఆగుతుంది.

సరిచేసుకునే వరుస ఇది. ముందు పది సర్టిఫికెట్‌లో ఉన్న పేరును ఆధారం చేసుకుని ఆధార్ మార్పించుకోవాలి. ఆ మార్పు డిజిలాకర్‌లో కనపడేదాకా ఆగాలి. తర్వాత క్రెడిట్ బ్యాంకు సంఖ్య, ఆ తర్వాత డెబ్ ఐడీ, అన్నిటికీ చివర దరఖాస్తు. మావాళ్ళు చేసేది తలకిందులు. ఆఖరి తేదీకి రెండు రోజుల ముందు నెట్ సెంటరుకు వెళ్తారు. అక్కడి కుర్రాడు ఉన్న పేరుతోనే ఐడీ తీసేస్తాడు. మార్కుల జాబితా ఒక పేరుతో, ఐడీ ఇంకో పేరుతో తయారవుతాయి. మూడేళ్ళు చదివి డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం దగ్గర సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడుతుంది. ఈ పని ప్రవేశాలు మొదలయ్యే ముందు, కనీసం రెండు నెలల ముందు జరగాలి. అందుకే పరిచయ తరగతి ఫీజు కట్టకముందే కావాలంటున్నాం.

4. మీడియం

ఇంట్లో తెలుగు. కింది తరగతులు కొందరికి తెలుగు, ఎక్కువమందికి ఒడియా. డిగ్రీ పుస్తకం ఇంగ్లీషు లేదా హిందీ. మా విద్యార్థి పరిస్థితి ఇది.

ఎన్.ఐ.ఓ.ఎస్.లో పది తెలుగు మీడియంలో చదవవచ్చు. ఒడియా మీడియమూ ఉంది. అయితే దరఖాస్తులో మీడియం గడి దగ్గర ఏది నొక్కితే అదే పుస్తకం వస్తుంది, అదే ప్రశ్నపత్రం వస్తుంది. నింపేవాడు తనకు అలవాటైనది నొక్కుతున్నాడు. తెలుగు అడిగినవారికి ఇక్కడి కేంద్రంలో తెలుగులో పాఠం చెప్పేవారు ఉండరు. దిద్దేవారు ఎవరో కూడా తెలియదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. తెలుగు చక్కగా మాట్లాడుతూ తెలుగు చదవడం రానివారు మా జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఒడియా బడిలో చదివినవారికి లిపి అదే వస్తుంది. వాళ్ళకు తెలుగు పుస్తకం పంపినా ఉపయోగం లేదు. ఇంగ్లీషు పుస్తకం మాత్రమే ఇస్తే రెంటికీ చెడతారు. వాళ్ళకు కావలసింది ఒడియాలోనో ఇంగ్లీషులోనో పుస్తకం, దానికి తోడు తెలుగులో వినిపించే పాఠం.

5. ఏటికి అవతల, ఇవతల

పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం కొద్ది కిలోమీటర్లు. బరంపురానికి ఇచ్ఛాపురం దగ్గర. అవతల తెలుగు మీడియం డిగ్రీ పుస్తకాలు దశాబ్దాలుగా ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి అధ్యయన కేంద్రం పెట్టకూడదన్నది యూజీసీ నియమం. 2013లో గట్టిగా చెప్పింది, 2020 నిబంధనల్లోనూ నిలబెట్టింది. ఊరికో దుకాణంలా కేంద్రాలు పుట్టి డిగ్రీలు అమ్ముకున్న రోజుల తర్వాత వచ్చిన నియమం అది. దాని ఉద్దేశాన్ని మేము గౌరవిస్తాం.

అయితే ఆ హద్దు వల్ల ఏర్పడ్డ ఖాళీని దళారులు నింపారు. "ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ, బరంపురంలోనే పరీక్ష" అని చెప్పి డబ్బు తీసుకునేవాళ్ళు తిరుగుతున్నారు. విద్యార్థి మోసపోకుండా ఉండాలంటే నాలుగు చూడాలి. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఆ విశ్వవిద్యాలయం పేరు ఉంటే సరిపోదు. తను చేరే కోర్సు, తను చేరే సెషను, జనవరో జూలైయో, ఆ జాబితాలో ఉండాలి. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టాలి, మనిషి చేతికి ఇవ్వకూడదు. అధ్యయన కేంద్రాన్ని ఫ్రాంచైజీగా ఇవ్వడం నిషిద్ధం. ఇంజనీరింగు, వైద్యం, ఫార్మసీ, న్యాయశాస్త్రం డిగ్రీలు దూరవిద్యలో లేవు, ఉన్నాయని ఎవరన్నా నమ్మకూడదు.

రెండో వైపు అనవసరమైన భయం కూడా ఉంది. దూరవిద్య డిగ్రీ ఉద్యోగానికి పనికిరాదని పెళ్ళి చూపుల్లోనూ మాట్లాడుకుంటారు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ, కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఈ ఒక్క వాక్యం, ఆ నాలుగు జాగ్రత్తలు ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి బస్టాండులో అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

6. నెట్టు, బొమ్మ, మాట

ఆన్‌లైన్ కోర్సుల కోసం స్వయం వేదిక 2017లో వచ్చింది. టీవీలో స్వయంప్రభ చానెళ్ళు ఉన్నాయి. ఇగ్నో పుస్తకాలు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇవన్నీ మంచివే, మేమూ వాడతాం. కానీ గుమ్మా, రాయగడ కొండల్లో సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడే చోట వీడియో పాఠం ఆగి ఆగి నడుస్తుంది.

లెక్క చూడండి. అరగంట వీడియోకు సెకనుకు 500 కిలోబిట్ల వేగం వేసుకుంటే దాదాపు 112 ఎంబీ. అదే అరగంట పాఠం మాట మాత్రమే 64 కిలోబిట్లలో రికార్డు చేస్తే 14 ఎంబీ. గొంతు పాఠానికి 32 కిలోబిట్లు చాలు, అప్పుడు 7 ఎంబీ. వంద పాఠాలు 700 ఎంబీ. అతి చిన్న మెమొరీ కార్డులో పట్టేస్తాయి. సిగ్నల్ ఉన్న చోట ఒకసారి ఎక్కించుకుంటే, జీడిపిక్కలు ఒలుస్తూ కూడా వినవచ్చు.

ఒకే పాఠాన్ని రెండు భాషల్లో వినిపించడం ఈ దేశం ఏభై ఏళ్ళ కిందటే చేసి చూపింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు విద్యా ప్రసారాలు వచ్చాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, ఒడిశా ఉంది. ఆ ఏర్పాటులో ఒకే బొమ్మకు రెండు శబ్ద మార్గాలు ఉండేవి. పక్కపక్క రాష్ట్రాల్లో ఒకే దృశ్యాన్ని ఎవరి భాషలో వాళ్ళు వినే వీలు అప్పుడు కుదిరింది. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ కుదురుతుంది.

ఇక మా కోరికలు.

1. పరిచయ తరగతి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఈ అయిదు చోట్ల ప్రతి సెషనుకు ముందు ఒక ఆదివారం పూట. మూడు గంటలు ఎలా గడవాలో మా ప్రతిపాదన ఇది. క్రెడిట్లు, గంటల లెక్క, ఎవరు ఎన్ని పేపర్లు తీసుకోవాలో అరగంట. నాలుగు పనుల తేదీలు, ఫీజులు నలభై నిమిషాలు. పేర్లు, ఐడీలు నలభై నిమిషాలు, ఆ పూట ఎవరి ఆధార్, ఎవరి పది సర్టిఫికెట్ వాళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకునేలా. పుస్తకం తెరిచి చదివే పద్ధతి అరగంట: యూనిట్ మొదట ఉన్న లక్ష్యాలు చదవడం, మధ్యలో వచ్చే ప్రశ్నకు జవాబు రాశాకే చివరి పేజీ చూడడం. మిగిలిన నలభై నిమిషాల్లో ప్రతి ఒక్కరూ ఒక అసైన్‌మెంటు జవాబు అక్కడే రాసి దిద్దించుకోవాలి. గదికి 30 మందికి మించకూడదు. మించితే ఈ ఆఖరి పని జరగదు, అది జరగకపోతే తరగతి ఉపన్యాసంగా మిగిలిపోతుంది.

2. పది మందికి ఒక కౌన్సిలర్ (కేంద్రంలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు). 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ప్రాథమిక బడులకు ఒక సూత్రం పెట్టింది. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఒక భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని. రాజ్యాంగం 350ఎ అధికరణం వెనక ఉన్న ఆలోచన కూడా అదే. ఈ సూత్రం బడుల కోసం పెట్టిందని మాకు తెలుసు. దూరవిద్యకూ దాన్ని స్వచ్ఛందంగా అన్వయించమని కోరుతున్నాం. ఒక కేంద్రంలో పది మంది తెలుగు అడిగితే తెలుగులో చెప్పగల కౌన్సిలర్‌ను నియమించండి. అర్హతలున్నవారు ఈ జిల్లాల్లోనే ఉన్నారు.

3. మీడియం గడి మీద సంతకం. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, హిందీలో ఏది ఎంచుకున్నారో విద్యార్థికి అర్థమయ్యే లిపిలో అచ్చు తీసి చూపించి, సంతకం తీసుకున్నాకే దరఖాస్తు ఖరారు చేయాలి. నెల లోపు మార్చుకునే వీలు ఉచితంగా ఇవ్వాలి.

4. పుస్తకాల ఒప్పందం. హద్దు అధ్యయన కేంద్రానికి ఉంది, పుస్తకానికి లేదు. అవతలి రాష్ట్రాల్లో ఉన్న తెలుగు పాఠ్య సామగ్రిని ఒప్పందం మీద తెచ్చుకుని, ఒడిశా విశ్వవిద్యాలయాల కోర్సులకు అనుబంధ పఠనంగా ఇవ్వండి. కొత్తగా రాయించేటప్పుడు మాత్రం ఒక మనవి. ఇంగ్లీషు వాక్యాన్ని పదానికి పదం దించిన తెలుగు వద్దు. జనం మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పోరాటానికి దిగింది ఈ పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే. కొండల్లో సవరల పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి, నిఘంటువు కూర్చిందీ ఆయనే. ఆయన నడిచిన ఊరిలో విద్యార్థికి అర్థం కాని తెలుగు పుస్తకం పెట్టకండి. అచ్చుకు ముందు ఒక యూనిట్‌ను పది మంది విద్యార్థుల చేత చదివించి, వాళ్ళు ఆగిపోయిన చోటల్లా గీత గీయించి, ఆ వాక్యాలు తిరగరాయించండి.

5. తెలుగు ఆడియో. ఎక్కువమంది తీసుకునే పది కోర్సులకు ముందుగా. 32 కిలోబిట్లలో, యూనిట్‌కు ఒక ఫైలు, అరగంటకు మించకుండా. ఫైలు పేరులో కోర్సు కోడు, యూనిట్ సంఖ్య ఉండాలి. లేకపోతే ఫోనులో వెతుక్కోలేరు.

6. దిద్దిన అసైన్‌మెంటు పరీక్షకు నెల రోజుల ముందు విద్యార్థి చేతికి. దీనికి ఇంకా రాయవలసింది ఏమీ లేదు.

7. పేర్ల సవరణకు ఏడాదికి రెండు శిబిరాలు, ప్రవేశాలకు రెండు నెలల ముందు, ఆధార్ సిబ్బంది, విశ్వవిద్యాలయ ప్రతినిధి ఒకే గదిలో ఉండేలా. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా ఒకే మనిషేనని గుర్తించే ప్రమాణపత్రం నమూనా ఒకటి తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో అచ్చు వేసి ఇవ్వండి. ఇప్పుడు ఒక్కో కార్యాలయం ఒక్కో నమూనా అడుగుతోంది. ప్రతిసారీ స్టాంపు కాగితం, నోటరీ ఖర్చు, ఒక రోజు కూలి పోతున్నాయి.

8. నోటీసులు తెలుగులో. జిల్లాలో గాని తహసీలులో గాని 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు ఇవ్వాలన్నది 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఒప్పుకున్న రక్షణ. ఏ తహసీళ్ళు ఆ లెక్కలోకి వస్తాయో జనాభా లెక్కలు చూసి ప్రకటించండి. అక్కడ దూరవిద్య ప్రవేశ ప్రకటన, ఆఖరి తేదీలు, గుర్తింపు ఉన్న కోర్సుల జాబితా తెలుగులో అంటించండి.

ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఒకటి, మూడు, ఆరు కోరికలకు పెద్దగా డబ్బూ అక్కర్లేదు. పరిచయ తరగతికి గది, బల్లలు, కరెంటు మేము చూసుకుంటాం. మూడు గంటల పాఠం తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాం, మీ విషయ నిపుణులు దిద్ది ఇస్తే చాలు. మీ నుంచి కావలసింది అధికారిక అనుమతి, ఆ ఏటి సరైన తేదీల పట్టిక, ఆ పూటకు కేంద్రం నుంచి ఒక బాధ్యుడు.

జూలై సెషను ప్రవేశాలకు ముందు మొదటి తరగతి జరగాలంటే ఏప్రిల్ నెలాఖరులోగా జవాబు రావాలి. ఆధార్ సవరణ ఆ తర్వాత మొదలుపెడితే ఈ ఏటి విద్యార్థులకు అందదు.

ఇట్లు,
గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు విద్యార్థులకు దూరవిద్య పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సహాయకులు